పాత బోటు ఇంజన్ లాగడం లేదా? డీజిల్ పంపు విప్పే ముందు ఇవి చూడండి

"రేస్ మొత్తం ఇచ్చినా పొగ వస్తుంది గానీ బోటు ముందుకు పోతలేదన్నా." ఆ లాంచీ నడిపే సరంగు ఫోన్‌లో నాతో అన్న మొదటి మాట ఇది. హుస్సేన్ సాగర్‌లో తిరిగే పాత లాంచీ అది. నడుమ చెక్కపెట్టె కింద నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఉంటుంది. టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోసే చక్రం) లేదు, ఎలక్ట్రానిక్స్ లేవు, పంపు పూర్తిగా మెకానికల్. నేను వెళ్లేసరికే డీజిల్ పంపు విప్పి, క్యాలిబ్రేషన్ (ఎంత డీజిల్ పంపాలో సరిచేయడం) చేయించి, తిరిగి బిగించారు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు కూడా కొత్తవి వేశారు. అంత ఖర్చయ్యాక కూడా బోటు నడక ఏమీ మారలేదు. చివరికి తేలిందేమిటంటే, పంపులో అసలు లోపమే లేదు.

పాత ఇంజన్ బలం తగ్గగానే అందరి చెయ్యీ ముందు పంపు మీదికే పోతుంది. నా అనుభవంలో అది ఆఖర్న ముట్టుకోవాల్సిన వస్తువు. బలం తగ్గడానికి కారణాలు చాలావరకు ఇంజన్ చుట్టూ ఉంటాయి: బోటు అడుగున, గాలి వచ్చే దారిలో, డీజిల్ వచ్చే దారిలో, పొగ పోయే దారిలో. పాత బోటులో ఒకే పెద్ద లోపం ఉండటం కూడా అరుదు. చిన్నవి మూడో నాలుగో కలిసి ఇంజన్‌ను కూర్చోబెడతాయి. అందుకే ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ కొలవాలి, కొలిచింది రాసుకోవాలి. ఆ లాంచీ అంకెలనే ఉదాహరణగా తీసుకుని, ఏ వరసలో చూడాలో చెబుతాను.

ముందు సరంగును అడగండి

పానా పట్టుకునే ముందు బోటు రోజూ నడిపే మనిషితో పావుగంట మాట్లాడండి. బలం ఒక్కసారిగా తగ్గిందా, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిందా? ఒక్కసారిగా అయితే ప్రొపెల్లర్‌కు ఏదో చుట్టుకుని ఉంటుంది, రేస్ తీగ జారి ఉంటుంది, లేదా డీజిల్‌లో నీళ్లు కలిసి ఉంటాయి. మెల్లగా తగ్గితే ఫిల్టర్, పాచి, పొగ గొట్టంలో మసి, అరుగుదల గురించి ఆలోచించాలి. ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే బాగా లాగి అరగంట తర్వాత నీరసిస్తోందా? అయితే డీజిల్ ట్యాంకు గాలి గొట్టం మీద, వేడి మీద అనుమానం పెట్టుకోండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తిప్పుకే స్టార్ట్ అవుతోందా? అవుతుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తుకునే బలం) గురించి సగం టెన్షన్ తీరినట్టే.

ఈ మధ్య ఏం రిపేర్ చేశారో కూడా అడగండి. ప్రొపెల్లర్ మార్చారా, పైన కొత్త కప్పు వేశారా, సీట్లు పెంచారా? బోటు బరువెక్కినా ఇంజన్‌కు బలం తగ్గినట్టే అనిపిస్తుంది.

హైదరాబాద్‌లో ఎంత ఆశించాలి

సముద్రం మీద నడవడానికి తయారైన ఇంజన్ మాన్యువల్‌లోని హార్స్‌పవర్ మన ఊళ్లో పూర్తిగా దొరకదు. హుస్సేన్ సాగర్ నిండు నీటిమట్టమే సముద్ర మట్టానికి 513 మీటర్ల పైన ఉంది. ఈ ఎత్తులో గాలి ఒత్తిడి తీరంలో కంటే 5–6 శాతం తక్కువ. టర్బో లేని ఇంజన్‌కు ఆ మేరకు గాలి తగ్గుతుంది. మే నెలలో 42 డిగ్రీల ఎండ పడితే గాలి ఇంకా పలచబడుతుంది. రెండూ కలిస్తే పదో వంతు బలం తగ్గడం సహజమే, దాన్ని లోపం అనుకోవద్దు. కాకినాడ నుంచో విశాఖ నుంచో తెచ్చిన బోటుకు అక్కడి ప్రొపెల్లరే ఉంచితే ఇక్కడ అది ఇంజన్‌కు కాస్త బరువవుతుంది. పైగా మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక. అదే బోటు ఇక్కడ కొద్దిగా లోతుగా కూర్చుంటుంది.

కానీ ఎత్తు నిన్నటికీ ఇవాళ్టికీ మారదు. పోయిన ఏడాది బాగా నడిచిన బోటు ఇప్పుడు లాగడం లేదంటే కారణం వేరే ఉంది.

టాకోమీటర్‌ను సరిచూసుకోండి

పాత బోటు డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ వేగం చూపే టాకోమీటర్ 200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అటో ఇటో చూపడం మామూలే. తప్పు అంకెతో మొదలుపెడితే పని మొత్తం తప్పుతుంది. చేత్తో పట్టుకునే లేజర్ టాకోమీటర్ ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేమీ కాదు. క్రాంక్ పుల్లీ మీద మెరిసే టేపు ముక్క అంటించి దాని మీద కాంతి పడేలా పట్టుకుంటే అసలు వేగం తెలుస్తుంది. బెల్టు దగ్గర వదులు బట్టలు, మెడలో తువ్వాలు లేకుండా చూసుకోండి.

మొదటి కొలత న్యూట్రల్‌లో తీసుకోండి. ఇంజన్ వేడెక్కాక రేస్ పూర్తిగా ఇవ్వండి. నేమ్‌ప్లేటు మీద 2400 అని ఉంటే మెకానికల్ గవర్నర్ (వేగాన్ని అదుపు చేసే భాగం) ఉన్న ఇంజన్ న్యూట్రల్‌లో అంతకంటే 5 నుంచి 10 శాతం పైకి, అంటే 2520–2640 దాకా పోవాలి. మన లాంచీ 2600 అందుకుంది. న్యూట్రల్‌లోనే పైకి పోకపోతే ముందు రేస్ తీగను చూడండి, దాని సంగతి కింద చెబుతాను.

రెండో కొలత నీళ్ల మీద, గేరులో. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బోటును జెట్టీకి కట్టేసి ఫుల్ రేస్ ఇచ్చి "చూశారా, ఆర్‌పీఎం రావడం లేదు" అంటారు. కట్టేసిన బోటులో ప్రొపెల్లర్ మీద బరువు, నడిచే బోటులో కంటే ఎక్కువ. ఆర్‌పీఎం తగ్గి తీరుతుంది. బోటు నడుస్తున్నప్పటి అంకె కావాలంటే బోటును నడపాల్సిందే.

అందుకు ఒక దారి ఖాయం చేసుకోండి. మేము లుంబినీ పార్కు జెట్టీ వైపు నుంచి బుద్ధ విగ్రహం వైపు వెళ్లి, మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చేవాళ్లం. ప్రతిసారీ అంతే మంది, ట్యాంకులో అంతే డీజిల్. సరస్సులో ప్రవాహం ఉండదు గనుక తేడా తెచ్చేది గాలి ఒక్కటే. రానూ పోనూ రెండు వైపులా కొలిచి సగటు తీస్తే అదీ సర్దుకుంటుంది. వేగం ఫోన్ జీపీఎస్‌లో చూసుకోవచ్చు. పొద్దున్నే, పర్యాటకుల బోట్లు కదలక ముందు, అనుమతి తీసుకుని చేయండి.

మా మొదటి అంకె 1880. నేమ్‌ప్లేటు మీద 2400.

ఈ తేడా ఎంతో అర్థం కావాలంటే ఒక లెక్క తెలియాలి. ప్రొపెల్లర్ తీసుకునే బలం ఆర్‌పీఎం ఘనం చొప్పున పెరుగుతుంది. ప్రొపెల్లర్ శుభ్రంగా ఉండి 2400 రావాల్సిన చోట 1900 వస్తోందంటే ఐదో వంతు పోయినట్టు కనిపిస్తుంది, నిజానికి సగం బలం పోయినట్టు. అందుకే 100 ఆర్‌పీఎం తిరిగి వచ్చినా దాన్ని చిన్నచూపు చూడకండి.

అంకెను, పొగను కలిపి చదవండి

ఫుల్ రేస్‌లో ఆర్‌పీఎం ఎంత, పొగ ఏ రంగు? ఈ రెంటినీ కలిపి చూస్తే వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

ఆర్‌పీఎం సులువుగా పైకి పోతోంది, బోటు మాత్రం నెమ్మదిగా ఉంది అంటే ఇంజన్ బలంగానే ఉంది. బలం నీళ్లకు చేరడం లేదు. గేర్‌బాక్స్‌లో క్లచ్ జారుతోంది, లేదా ప్రొపెల్లర్ రెక్క విరిగింది. గేర్‌బాక్స్ నిష్పత్తి 2:1 అయితే ఇంజన్ 2000 తిరిగేటప్పుడు షాఫ్ట్ 1000 తిరగాలి. షాఫ్ట్ మీదా టేపు అంటించి కొలవండి. 1000కి తక్కువ వస్తే క్లచ్ జారుతున్నట్టే. గేర్ ఆయిల్ మట్టం, వాసన చూసి, గేరు కేబుల్ లివర్‌ను పూర్తిగా లోపలికి తోస్తోందో లేదో గమనించండి.

ఆర్‌పీఎం తక్కువ, పొగ నల్లగా ఉందంటే డీజిల్ సరిపడా, అంతకుమించి కూడా వస్తోంది, దాన్ని కాల్చడానికి గాలి చాలడం లేదు. ప్రొపెల్లర్ మీద బరువు ఎక్కువైంది, లేదా గాలి దారి మూసుకుంది, లేదా పొగ దారి మూసుకుంది. నాజిల్ సరిగా చిమ్మకపోయినా నల్లపొగే వస్తుంది.

ఆర్‌పీఎం తక్కువ, పొగ శుభ్రంగా ఉందంటే ఇంజన్‌కు డీజిల్ అందడం లేదు. ఫిల్టర్లు, ట్యాంకు, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగే చిన్న పంపు), రేస్ తీగ చూడాలి.

తెల్లపొగ ఘాటుగా, కళ్లు మండేలా వస్తే డీజిల్ కాలకుండా బయటికి పోతోంది. నీలిపొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. డిసెంబరు పొద్దున పొగ గొట్టంలోంచి వచ్చే ఆవిరిని చూసి కంగారు పడకండి. ఆవిరి కొంత దూరం పోయి గాలిలో కలిసిపోతుంది, పొగ అయితే నీళ్ల మీద తెరలా నిలుస్తుంది.

మా లాంచీది నల్లపొగ. ఆ ఒక్క సంగతి గమనించి ఉంటే పంపు విప్పాల్సిన అవసరమే రాకపోయేది.

బోటు అడుగు, ప్రొపెల్లర్

సముద్రంలో నడిచే బోట్ల గురించి రాసిన పుస్తకాలు అడుగున అంటుకునే గవ్వపురుగుల గురించి పేజీలకు పేజీలు చెబుతాయి. మన మంచినీటి చెరువుల్లో ఆ బాధ లేదు. మన బాధలు వేరు. జారుడు పాచి, గుర్రపుడెక్క వేర్లు, ప్లాస్టిక్ సంచులు. గణేశ్ నిమజ్జనం తర్వాత అయితే నీళ్లలో పూలదండల తాళ్లు, అలంకరణ బట్టలు, కట్టుతీగలు ఉంటాయి. నిమజ్జనం అయిన వారంలో ఏ బోటు నీరసించినా నేను ముందు ప్రొపెల్లర్‌నే చూస్తాను.

నీళ్లలోకి దిగి చూడకండి. హుస్సేన్ సాగర్ నీళ్లు నోట్లోకి, కళ్లలోకి పోకూడనివి. బోటును ఒడ్డుకు లాగించండి. అది కుదరకపోతే ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, బ్యాటరీ స్విచ్ తీసేసి, పొడవాటి కర్రకు కొడవలి కట్టి చుట్టుకున్న దాన్ని కోయండి.

లాగించినప్పుడు మిగతావీ చూడండి. రెక్కల అంచులు వంగాయా? మూడు రెక్కలూ ఒకే తీరులో ఉన్నాయా? గేరు న్యూట్రల్‌లో పెట్టి షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. ఒకే బిగువుతో తిరగాలి. ఒకచోట పట్టేసి ఒకచోట వదిలితే షాఫ్ట్ వంగింది, లేదా ఇంజన్ మౌంటింగులు కుంగి అలైన్‌మెంట్ పోయింది. నీళ్లు లోపలికి రాకుండా షాఫ్ట్ చుట్టూ వేసే గ్లాండ్ ప్యాకింగ్‌ను కొందరు ఒక్క చుక్క కూడా కారకుండా బిగిస్తారు. అది తప్పు. షాఫ్ట్ తిరిగేటప్పుడు చుక్క చుక్కగా కారితేనే ప్యాకింగ్ చల్లగా ఉంటుంది. బోటు నడిచి వచ్చాక ఇంజన్ ఆపి గ్లాండ్ మీద చెయ్యి పెట్టి చూడండి. కాలుతుంటే ఇంజన్ బలంలో కొంత అక్కడే వేడిగా పోతోంది.

ఈ మధ్య ప్రొపెల్లర్ మార్చి ఉంటే దాని మీద చెక్కిన వ్యాసం, పిచ్ (ఒక చుట్టుకు ఎంత ముందుకు పోవాలన్న కొలత) అంకెలు పాతదానితో పోల్చండి. పిచ్ ఒక అంగుళం పెరిగితే సుమారు 150–200 ఆర్‌పీఎం తగ్గుతుంది.

మా లాంచీ షాఫ్ట్‌కు చీర ముక్క, నైలాన్ తాడు కలిసి పిడికిలంత ముద్దగా బిగుసుకున్నాయి. అడుగున వేలి మందాన పాచి పట్టింది. రెండూ తీసేశాక మళ్లీ అదే దారిలో నడిపాం. 2030 వచ్చింది. బాగుపడింది గానీ చాలదు.

రేస్ తీగ

ఇది అయిదు నిమిషాల పని. ఒకరు పైన రేస్ లివర్ పూర్తిగా ముందుకు తోయాలి, ఒకరు కింద పంపు పక్కనున్న లివర్‌ను చూడాలి. ఆ లివర్ చివరి స్క్రూకి తగలాలి. తగలకుండా ఆగిపోతే తీగ సాగింది, లేదా క్లాంపు జారింది. తీగను సరిచేయండి చాలు. పంపు మీద సీలు వేసిన స్క్రూను మాత్రం ముట్టుకోకండి. అది తిప్పితే డీజిల్ ఎక్కువ పోతుంది, పొగ పెరుగుతుంది, ఇంజన్ వేడెక్కి పిస్టన్లు దెబ్బతింటాయి. అసలు లోపం మాత్రం అలాగే దాగి ఉంటుంది.

గాలి

మూడు లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజన్ 2400 తిరిగేటప్పుడు నిమిషానికి దాదాపు 3000 లీటర్ల గాలి పీలుస్తుంది. మూడు బీరువాల్లో పట్టేంత గాలి ప్రతి నిమిషం ఎక్కడి నుంచో రావాలి. శబ్దం ఎక్కువగా ఉందని ఇంజన్ పెట్టెకు స్పాంజి అంటించి, సందులన్నీ మూసి, గాలి రంధ్రాల ముందు లైఫ్ జాకెట్లు పేర్చిన బోట్లు చాలా చూశాను.

పరీక్ష చాలా సులువు. అదే దారిలో, పెట్టె మూత తెరిచి నడపండి. పిల్లలు, ప్రయాణికులు ఎవరూ ఉండకూడదు, తెరిచిన చోట ఒక మనిషి కాపలా ఉండాలి. మూత తీయగానే ఆర్‌పీఎం పెరిగితే కారణం దొరికినట్టే. మాకు 2030 కాస్తా 2110 అయింది. పాత స్పాంజి ఊడిపోయి గాలి జాలీకి అడ్డంగా అతుక్కుంది.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. పాత స్పాంజి ఫిల్టర్లు పొడిపొడిగా రాలి ఇంజన్‌లోకే పోతాయి. ఫిల్టర్‌కు నల్లటి మసి పట్టి ఉంటే పెట్టెలోపల ఎక్కడో పొగ కారుతోందని అర్థం. ఇంజన్ తన పొగనే తిరిగి పీలుస్తోందన్నమాట. ఇది బలం తగ్గడంతో ఆగే సంగతి కాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఆ కారే చోటు మూసేదాకా బోటులో జనాన్ని ఎక్కించకండి.

టర్బో ఉన్న ఇంజన్ అయితే గాలి గొట్టాల క్లిప్పులు వదులయ్యాయేమో, గొట్టం ఎక్కడైనా చీలిందేమో చూసి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు టర్బో చక్రం వేలితో తేలిగ్గా తిరుగుతుందో లేదో గమనించండి.

డీజిల్: ముందు డబ్బా పరీక్ష

ట్యాంకు, గొట్టాలు, ఫిల్టర్లు ఒక్కొక్కటిగా విప్పుతూ పోతే రోజులు గడుస్తాయి. పది లీటర్ల శుభ్రమైన డబ్బాలో కొత్త డీజిల్ పోసి ఇంజన్ కంటే ఎత్తులో కదలకుండా కట్టండి. దాని నుంచి కొత్త గొట్టం ఒకటి నేరుగా ఫీడ్ పంపుకు ఇవ్వండి. పంపు నుంచి వెనక్కి వచ్చే రిటర్న్ గొట్టాన్నీ ఆ డబ్బాలోకే పెట్టండి. ఇప్పుడు అదే దారిలో నడపండి. ఆర్‌పీఎం పెరిగితే లోపం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉంది. పెరగకపోతే ఆ భాగమంతా నిర్దోషి, దాన్ని వదిలేయవచ్చు. మా లాంచీకి డబ్బాతోనూ 2110 వచ్చింది. ఒక్క గంటలో ట్యాంకు వైపు అనుమానం పూర్తిగా తీరిపోయింది.

మీకు పెరిగిందనుకోండి. ముందు ట్యాంకు మూత వదులు చేసి పాత గొట్టంతోనే నడపండి. మూత వదులు చేయగానే బాగుపడితే ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోయింది. మట్టి గూళ్లు కట్టే కందిరీగలకు ఆ సన్నని గొట్టాలంటే మహా ఇష్టం. తీగ పెట్టి పొడిస్తే ఎండిన మట్టి రాలుతుంది. స్టార్ట్ చేసిన అరగంటకు నీరసించే బోట్లలో నేను ముందు చూసేది దీన్నే.

అదీ కాకపోతే ట్యాంకు అడుగు నుంచి ఒక లీటరు డీజిల్‌ను గాజు సీసాలోకి దించి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున నీళ్లు వేరుగా తేరుకుంటాయి. నీళ్లకూ డీజిల్‌కూ మధ్య నల్లటి జిగురు పొర కనిపిస్తే అది డీజిల్‌లో పెరిగే సూక్ష్మజీవుల పని. సగం ఖాళీ ట్యాంకుతో వానాకాలమంతా కట్టేసి ఉంచిన బోట్లలో ఇది ఎక్కువ. ఫిల్టర్ మార్చినా వారానికే మళ్లీ మూసుకుంటుంది. ట్యాంకు తెరిచి కడగడమే దారి. లోపల పీల్చే గొట్టం చివర చిన్న జాలీ ఉంటే దాన్నీ చూడండి. అలాంటి జాలీ ఒకటి ఉందని చాలామందికి తెలియదు.

గాలి పీలుస్తోందేమో తెలుసుకోవడానికి ఫిల్టర్‌కూ ఫీడ్ పంపుకూ మధ్య ఒక అడుగు పారదర్శక గొట్టం తాత్కాలికంగా వేయండి. అందులో బుడగలు పోతుంటే పైన ఎక్కడో రాగి వాషర్ అరిగింది, లేదా క్లిప్పు వదులైంది. ఈ వైపు గొట్టాల్లో పీల్పు ఉంటుంది కాబట్టి డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైకి తడి కనబడదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఫీడ్ పంపు డయాఫ్రమ్ రకం అయితే ఇంజన్ ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి, డీజిల్ వాసన వస్తుంటే డయాఫ్రమ్ చిరిగింది. ఆ ఆయిల్‌తో ఇంజన్ నడపకండి.

విప్పినవన్నీ బిగించాక ఎయిర్ తీయాలి. ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత పంపు మీది స్క్రూ, ఆఖరికి నాజిళ్ల నట్లు. బోటు ఇంజన్‌లో ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పొగ గొట్టంలోకి చెరువు నీళ్లు కలిపి వదిలే రకమైతే, స్టార్ట్ కాకుండా సెల్ఫ్ కొడుతూ పోతే నీటి పంపు సైలెన్సర్‌ను నింపేస్తుంది. ఆ నీళ్లు వెనక్కి సిలిండర్లలోకి పోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే నీళ్లు వచ్చే వాల్వ్ మూసి ఉంచండి, ఇంజన్ అందుకున్న క్షణంలో తెరవండి. ఆ పని ఒక మనిషికి అప్పగించండి.

పొగ పోయే దారి

మా లాంచీ రోగం ఇక్కడే ఉంది. హైదరాబాద్ బోట్లలో దీన్ని అన్నిటికంటే ముందు అనుమానించాలని అప్పటి నుంచి నా అభిప్రాయం. మన బోట్లు రోజంతా నెమ్మదిగా తిరుగుతాయి. జెట్టీ దగ్గర ఐడ్లింగ్‌లో నిలబడతాయి. అలా తక్కువ బరువు మీద నడిచే డీజిల్ ఇంజన్ సరిగా వేడెక్కదు, మసి ఎక్కువ వదులుతుంది. ఆ మసి, పొగలో చల్లటి నీళ్లు కలిసే ఎల్బో (వంపు గొట్టం) దగ్గర పేరుకుపోతుంది. సముద్రం మీది బోట్లలో ఉప్పు ఆ ఎల్బోను తినేస్తుంది కాబట్టి కొన్నేళ్లకోసారి తప్పక మారుస్తారు. మంచినీళ్లలో అది అంత త్వరగా తుప్పు పట్టదు గనుక ఇరవై ఏళ్లయినా ఎవరూ విప్పరు.

ఊహతో విప్పకుండా కొలిచి చూడొచ్చు. సిలిండర్ల పొగ ఒకచోట చేరే మ్యానిఫోల్డ్‌కూ నీళ్లు కలిసే చోటుకూ మధ్య చాలా ఇంజన్లలో ఒక ప్లగ్గు ఉంటుంది. లేకపోతే టర్నర్ దగ్గర చిన్న రంధ్రం చేయించి మర పెట్టించండి. దానికి రెండు అడుగుల రాగి గొట్టం బిగించి, ఆ చివర మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక లెవెల్ పైపు తొడగండి. రాగి గొట్టం లేకుండా నేరుగా తొడిగితే వేడికి ప్లాస్టిక్ కరిగిపోతుంది. పైపును ఒక పలక మీద ఆంగ్ల అక్షరం యూ ఆకారంలో కట్టి సగం వరకు రంగునీళ్లు పోయండి. ఫుల్ రేస్‌లో, బోటు నడుస్తుండగా రెండు వైపుల నీటిమట్టాల మధ్య తేడా ఎంతో కొలవండి. టర్బో లేని చాలా ఇంజన్లకు ఒక మీటరు తేడా దాకా ఒప్పుకుంటారు, టర్బో ఉంటే దాదాపు అందులో సగం. మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే ప్రమాణంగా తీసుకోండి. పలక కనీసం రెండు మీటర్ల ఎత్తు ఉండాలి. మా పైపులో నీళ్లు ఫుల్ రేస్ కంటే ముందే పైనుంచి చిమ్మేశాయి.

ఎల్బో విప్పితే మూడు వేళ్లు పట్టాల్సిన రంధ్రంలో చిటికెన వేలు కూడా దూరలేదు. మసి రాయిలా గట్టిపడింది. ఉలితో, తీగ బ్రష్‌తో గీకి శుభ్రం చేశాం. చాలా పాతదైతే కొత్తది వేయడమే మేలు. ఎల్బో తర్వాత వచ్చే రబ్బరు గొట్టాన్నీ వదలకండి. పైకి నున్నగా కనబడే గొట్టంలోపల పొర ఊడి వేలాడుతుంటుంది. టార్చి వేసి చూడండి, చేతితో నొక్కి చూడండి. మెత్తగా కుంగితే మార్చేయండి.

మళ్లీ అదే దారి, అంతే మంది. 2370 వచ్చింది. పొగ దాదాపు కనబడలేదు.

నీళ్లు, వేడి

ఇంజన్ వేడెక్కి బలం తగ్గుతుంటే నీళ్లు వడకట్టే స్ట్రెయినర్‌లో పాచి, నీటి పంపులో రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు, వాటి తర్వాత ఇంజన్ వేడిని చెరువు నీళ్లకు ఇచ్చే హీట్ ఎక్స్ఛేంజర్ చూడండి. ఇంపెల్లర్‌కు ఒక రెక్క తగ్గిందంటే ఆ ముక్క ఎక్స్ఛేంజర్ మూతిలో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని వెతికి తీయాలి. కొత్త ఇంపెల్లర్ వేసి ఊరుకుంటే వేడి తగ్గదు.

ఇవన్నీ చూశాక నాజిళ్లు, కంప్రెషన్

ఇంతవరకు అన్నీ సరిగా ఉండి ఇంకా బలం లేకపోతే అప్పుడు ఇంజన్ లోపలికి వెళ్లాలి. పాత మెకానికల్ పంపు ఇంజన్‌లో ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టు అర చుట్టు వదులు చేయండి. ఇంజన్ శబ్దం కుంటుపడితే ఆ సిలిండర్ పని చేస్తోంది. ఏమీ తేడా రాకపోతే అదే చచ్చిన సిలిండర్. నట్టు మీద మందపాటి గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. ఈ పైపుల్లో ఒత్తిడి 200 బార్, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది, ఆ సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే గాయం చుక్కంత కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కొత్త కామన్ రైల్ ఇంజన్లలో ఈ పరీక్ష అసలు చేయకూడదు, వాటి ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ.

చచ్చిన సిలిండర్ నాజిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడండి. లోపం నాజిల్‌తో పాటు కదిలితే నాజిల్‌ది, కదలకపోతే సిలిండర్‌ది. నాజిల్ టెస్టింగ్ సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కల సులువుగానే చేయించుకోవచ్చు. నాజిల్ చిమ్మేటప్పుడు మీ కళ్లతో చూడండి: పొగమంచులా చిమ్మాలి, ఆగాక కొన మీద చుక్క నిలవకూడదు.

తర్వాత ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌ల దగ్గర వదిలే సందు) సరిచూసి, ఆపైన కంప్రెషన్ కొలవండి. డీజిల్ గేజ్‌తోనే కొలవాలి, పెట్రోల్ గేజ్ ఆ ఒత్తిడికి తట్టుకోదు. అన్ని సిలిండర్లూ కొంచెం తక్కువైనా సమానంగా ఉంటే ఇంజన్ ఇంకా నడుస్తుంది. ఒకటి మిగతావాటి కంటే పది శాతానికి మించి తక్కువైతే వాల్వో, రింగులో, హెడ్ గ్యాస్కెటో చూడాలి. గేజ్ దొరకకపోతే నడుస్తున్న ఇంజన్ ఆయిల్ మూత మెల్లగా తీయండి. అక్కడి నుంచి పొగ బుస్సుబుస్సుమని కొడుతుంటే రింగులు అరిగాయి.

పంపు క్యాలిబ్రేషన్ వంతు దీని తర్వాతే. దించే ముందు గేరు మీది టైమింగ్ గుర్తులను పెయింటుతో గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి. పంపు దించి ఎక్కించాకే బలం తగ్గిందని ఎవరైనా చెబితే నేను ముందు ఆ గుర్తులే చూస్తాను.

పెట్రోల్ ఇంజన్ అయితే

మొదటి సగమంతా ఇదే వరస: అడుగు, తీగ, గాలి, పొగ గొట్టం. వాటికి ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సర్, డిస్ట్రిబ్యూటర్ మూత, పూర్తిగా తెరుచుకోని చోక్ కలపండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవ ఉన్న ట్యాంకులో నీళ్లు, ఇథనాల్ కలిసి అడుగుకు దిగిపోతాయి. పాత గొట్టాలు మార్చండి, పెట్రోల్ నిలవ పెట్టకండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు గనుక బోటు అడుగున నిలుస్తుంది. బ్లోయర్ కనీసం నాలుగు నిమిషాలు తిప్పి, వాసన చూసి, ఆ తర్వాతే తాళం తిప్పండి.

మా లాంచీ నోటు పుస్తకంలో చివరి వరస ఇలా ఉంది: పెట్టెకు కొత్త గాలి జాలీ, మూత మూసి, 2380. సరంగు ఇప్పుడు రోజూ సాయంత్రం ఆఖరి ట్రిప్పు తర్వాత, ప్రయాణికులు దిగాక, పది నిమిషాలు బోటును మంచి వేగంతో తిప్పి ఆ రోజు పేరుకున్న మసిని వదిలిస్తున్నాడు. ఎల్బో మళ్లీ విప్పాల్సిన తేదీని ఇంజన్ పెట్టె మూత లోపలి వైపు పెయింటుతో రాసిపెట్టాం.